బావమరిది వాల్వు

నడిచేవాడికి లేని బాధ కారున్నవాడికి ఒకటుంది. దారిలో పెద్దవాళ్ళు కనబడితే ఆపి పలకరించాలి. ఆ ఆపడమే జగపతిరాజుగారి ప్రాణానికి వచ్చింది. పదిహేను రోజులుగా ఆయన అంబాసిడర్ పరిగెత్తినంతసేపూ గుర్రం, ఆపితే శవం. ఎక్సిలేటరు మీంచి కాలు తీస్తే ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంటుంది.

ఆ పొద్దున తణుకు సెంటర్లో పినతండ్రి భీమరాజుగారు చెయ్యెత్తారు. జగపతిరాజుగారు కారు ఆపి, కాలు మాత్రం తియ్యకుండా దణ్ణం పెట్టారు.

"మీ పిన్నికి ఒంట్లో బాగోలేదు బాబూ..."

గుర్ర్‌ర్.

"డాక్టరు చూసి ఏమన్నాడంటే..."

గుర్ర్‌ర్.

"తొందర పనిలో ఉన్నట్టున్నారు, వెళ్ళండి బాబూ" అని భీమరాజుగారు గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

జగపతిరాజుగారు కారుని తిన్నగా మెకానిక్ వెంకన్న షెడ్డుకి పోనిచ్చారు.

వెంకన్న ప్లగ్గులు తుడిచాడు. పాయింట్లు రుద్దాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. స్క్రూ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. ఆఖరికి కార్బొరేటరు కింద బిగించి ఉన్న ఇత్తడి డబ్బా మీద వేలు పెట్టాడు. దాని మీద 'టర్బో' అని ఇంగ్లీషులో చెక్కి ఉంది.

"ఇదేంటండి?"

"జపాన్ వాల్వు. పెట్రోలు ఆదా అవుద్దని మా బావమరిది మద్రాసు వెళ్ళినప్పుడు కొని పంపించాడు."

"ఆయ్. ఇంజను దొంగగాలి ఇందులోంచే లాగేస్తందండి, అందుకే ఆగిపోతంది. తీసేసి దీని కింద కన్నం మూసేస్తే సరి."

"అది కాకుండా ఇంకేదైనా చూడవయ్యా."

"ఇంకేం మిగల్లేదండి. హారనొక్కటే."

తీసెయ్యడం వెంకన్న అనుకున్నంత తేలిక కాదు. అది భార్య పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు. పోయినేడు ఇదే బావమరిది ఇచ్చిన గోడగడియారం తప్పు గంటలు కొడుతోందని బాగుచేయించిన పాపానికి, జానకీదేవిగారు నాలుగు రోజులు భర్తతో వంటమనిషి ద్వారా మాట్లాడారు. అందుకే ఈసారి వాల్వు అమోఘంగా ఉందని, సగం పెట్రోలు మిగిలిపోతోందని, ఆవిడ ఎదుటే కూర్చుని బావమరిదికి ఉత్తరం కూడా రాసేశారు.

"కన్నం మూసెయ్. వాల్వు మాత్రం పైన ఎప్పట్లా బిగించు. కనబడాలి" అన్నారు జగపతిరాజుగారు.

వెంకన్న కిరసనాయిలు సీసా బిరడా ఒకటి చెక్కి కన్నంలో కొట్టాడు. పైన వాల్వు బిగించి తళతళా తుడిచాడు. ఇంజను కుట్టుమిషనులా సన్నగా ఆడుతూ నిలబడింది.

వారం ప్రశాంతంగా గడిచింది. ఆదివారం మొగల్తూరు నుంచి బావమరిది శ్రీరామరాజు తన కారులో వచ్చాడు. వచ్చాడు గానీ దిగలేదు. సీట్లోంచే అక్కకి దణ్ణం పెట్టాడు, గుర్రుమనిపిస్తూ.

"దిగవేంటి తమ్ముడూ?" అన్నారు జానకీదేవిగారు.

"కాలు తీస్తే ఆగిపోద్దక్కా. బావగారి ఉత్తరం చూసి నేను కూడా ఆ వాల్వు ఒకటి పెట్టించుకున్నాను. మీది ఎలా ఆడుతుందండి బావగారూ?"

"చూపించండి" అన్నారు జానకీదేవిగారు.

జగపతిరాజుగారు స్టార్టు చేసి, కాలు తీసేసి చూపించారు. ఇంజను చక్కగా నిలబడింది. శ్రీరామరాజు తన కారుని దాని చావు దానికి వదిలేసి, దిగొచ్చి చెవి పెట్టి విన్నాడు.

"ఇదండీ అసలు సరుకు. నాకు నకిలీది అంటగట్టాడు ఆ కొట్టువాడు, వెధవ."

"దానికేముంది. మీ బావగారిది నువ్వు పట్టుకెళ్ళు, నీది ఇక్కడ పెట్టెయ్యి. ఆయన కాదంటారా? ఏమండీ?" అన్నారు జానకీదేవిగారు.

"వెంకన్నకి కబురు పెడదాం" అన్నారు జగపతిరాజుగారు.

"మూడు నట్లకి వెంకన్నెందుకండి, నేను లేనూ" అని శ్రీరామరాజు ఇంజను ఆపి, డిక్కీలోంచి స్పానరు తీశాడు.

అయ్యా, అమ్మా, చదువుతున్నవారూ. ఆ వాల్వు కింద బిరడా ఉంది. బిరడా కింద పదహారేళ్ళ కాపురం ఉంది. మీలో బావమరుదులున్నవాళ్ళు ఎవరైనా ఒక్క సలహా చెప్పి పుణ్యం కట్టుకోండి. కాస్త తొందరగా. రెండు నట్లు అప్పుడే ఊడాయి.