ఇంకా వాడుకలో ఉంది

చీకటి పడ్డాక టెక్కలి కాలేజీ ల్యాబులో ఫణిశంకర్ ఒక్కడే మిగిలాడు. ప్రింటరును నడిపే ప్రోగ్రాము, అంటే ప్రింటరు డ్రైవరు, అతను రాసింది, మోడెం డ్రైవరు మొన్న చనిపోయిన సహోద్యోగి సూర్యనారాయణది. రెండింట్లోనూ ఒకే కోడు ఉండడంతో, తన ప్రతిని కంప్యూటరు మూలవ్యవస్థ అయిన కెర్నెల్లో రెండూ వాడుకునే ఉమ్మడి మాడ్యూలుగా పెట్టి, సూర్యనారాయణ ప్రతిని చెరిపేశాడు.

ఎన్ని డ్రైవర్లు ఆ మాడ్యూలును వాడుకుంటున్నాయో తెరమీద కనిపిస్తుంది. రెండు. పరీక్షకని రెండు డ్రైవర్లనూ తీసేశాడు. సున్నా రావాలి. ఒకటి వచ్చింది. కంప్యూటరు ఆపి, మళ్లీ పెట్టి, మాడ్యూలొక్కటే ఎక్కించాడు. ఒకటే.

భయం కూడా వేయలేదు. లైట్లార్పి వరండాలోకి వచ్చాడు.

"తాళమేసేత్తాను బాబూ. లోన ఇంకెవులైనా ఉన్నారేటి?" అన్నాడు వాచ్‌మన్ తవిటయ్య.

"ఒకరున్నారు" అన్నాడు ఫణిశంకర్.