సగం దూరం

విమానం లేచి మూడు గంటలైంది. ఆమె ఇంకా ఒకచోట కుదురుగా కూర్చోలేదు.

కుట్టుమిషను మీద ఎవరిదో గౌను సగంలో ఉంది. చెయ్యి అతికించడం, వంకరగా వచ్చిందని విప్పడం, మళ్లీ అతికించడం. పొద్దుటి నుంచి ఇదే వరస. నాలుగు కుట్లకోసారి ఫోన్ చూస్తోంది. తెరమీద సముద్రం, దాని మీద చీమంత విమానం. అందులో ఆమె భర్త.

ఈ ఊరికీ అతను వెళ్లే ఊరికీ ఆకాశ మార్గంలో పదకొండు వేల కిలోమీటర్లు. ఇంకా మూడు వేలైనా దాటలేదు.

పక్కింటి పిన్ని కూరగాయల పళ్లెంతో వచ్చి చతికిలబడింది. ఆమెను పాలబుగ్గల వయసు నుంచీ ఇదే ఇంట్లో చూస్తున్న మనిషి.

“ఏమైనా తిన్నావా?”

“ఆకలిగా లేదు పిన్నీ.”

“మొగుడు ఊరెళ్తే ఇంత బెంగా? పెళ్లై పన్నెండేళ్లయింది, కొత్త పెళ్లికూతురివా? ఈ ఉక్కలో మణికట్టు దాకా చేతుల జాకెట్టు వేసుకున్న సంగతి కూడా పట్టలేదు నీకు.”

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. జాకెట్టు చేతుల్ని ఇంకాస్త కిందికి లాక్కుంది.

పోయినేడు అతను ఇలాగే బయల్దేరాడు. గంటన్నర ఎగిరాక ఇంజన్‌లో ఏదో తేడా వచ్చిందని విమానాన్ని వెనక్కి తిప్పారు. చీకటి పడకముందే గుమ్మంలో నిలబడ్డాడు. అతన్ని చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత వారం రోజులు మంచం దిగలేదు. జడుసుకుంది పిచ్చిపిల్ల అని పిన్నే పథ్యం వండిపెట్టింది.

సగం దూరం దాటేదాకానే ఇలా వెనక్కి రావడాలని, దాటాక ఏమొచ్చినా ముందుకే పోతారని ఆమెకు చెప్పింది కూడా అతనే.

అందుకే ఈసారి పెట్టె తనే సర్దింది. కళ్లజోడు, మాత్రలు, ఛార్జరు, ఏదీ మరిచిపోలేదు. విమానాశ్రయం దాకా వెళ్లి, అతను లోపలికి పోయేదాకా కదల్లేదు.

పిన్ని ఇంటికెళ్లి వంట ముగించుకుని మళ్లీ వచ్చింది. ఐదు వేలు దాటాక విమానం బొమ్మ ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. ఆమె చేతిలోని కత్తెర కింద పడింది.

“తిరుగుతోంది పిన్నీ. వెనక్కి తిరుగుతోంది.”

పిన్ని కళ్లు చికిలించి చూసింది. “మబ్బుల్ని తప్పించుకుంటోంది కాబోలు. అదిగో, మళ్లీ తిన్నగానే పోతోంది. నీ మొగుడు చల్లగా చేరతాడులే.”

“చేరాలి పిన్నీ.” మనసారా అంది ఆ మాట.

ఐదు వేల ఐదొందలు. దాటింది.

ఆమె చెంబుడు నీళ్లు గటగటా తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, కూర్చుంది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి కుదురుగా కూర్చోవడం.

అప్పుడు తాళాలు మార్చే అతనికి ఫోన్ చేసి, “ఇక రావచ్చు బాబూ, మా ఆయన దగ్గరున్న తాళంచెవి ఇంకెప్పుడూ ఈ తలుపుకి పట్టకూడదు” అంది.