కూతపెట్టిన గొంతు

ఆదివారం భీమిలి ఇసుకలో కబడ్డీ మొదటి సగం ముగిసేసరికి, కూతపెట్టి కూతపెట్టి నీలవేణి గొంతు బొంగురుపోయింది. పక్కనే పిల్లల బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఏ బిడ్డ బండి ఆ బిడ్డ తల్లి గొంతు నేర్చుకుని, ఆ గొంతుతోనే జోల పాడుతోంది. ఇప్పుడు అందరి ఇళ్లలోనూ అంతే.

ఆమె తన పాపను బండిలోంచి ఎత్తుకుని, "నేనేనమ్మా, అమ్మని" అంది. ఆ బొంగురు గొంతుకు పాప ఉలిక్కిపడి, బండివైపు చేతులు చాచి గుక్కపెట్టి ఏడ్చింది.

"ఏటే, కన్నది నువ్వా, బండా?" జట్టులోని పైడితల్లి నవ్వింది.

నీలవేణి నవ్వలేదు. తను అలిసి పడుకున్న రాత్రులన్నీ ఈ పిల్లకు అమ్మంటే అలుపూ విసుగూ తెలియని ఆ గొంతేనని ఆమెకు అప్పుడు తట్టింది. వెంటనే బండి నోరు మూయించింది.

ఏడుపు ఇంకా పెరిగింది. నీలవేణి ఆ బొంగురు గొంతుతోనే ఏవేవో కబుర్లు చెబుతూ ఇసుకలో అటూ ఇటూ తిరిగింది. జట్టువాళ్లు రెండో సగానికి పిలిస్తే తల అడ్డంగా ఊపింది.

భర్త రామినాయుడు పరుగున వచ్చాడు. "పిల్ల కక్కేస్తాది నీలా. బండి పాట పెట్టేయ్."

"వద్దు. ఇందాకంతా బండికేసి చూసి ఏడిసింది. ఇప్పుడు నా మొహంలోకి చూసి ఏడుస్తంది. ఏడవనీ."