తాళం తీయని మూడు ఆదివారాలు

సంఘ పెద్దలు ముగ్గురూ వెనకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుని నలభై నిమిషాలైంది. ఆరాధన ముగిసి జనం ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఖాళీ మందిరంలో ముందు బెంచీ మీద పాస్టరుగారు, పక్కన ఆయన భార్య. సంఘంలో ఆమెను అందరూ అమ్మగారనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ ధైర్యం చెప్పిన ఆ అమ్మగారికి ఇవాళ ధైర్యం చెప్పేవాళ్లు లేరు.

మంచినీళ్లు తాగుతారా అని భర్తను అడిగింది. ఆయన అడ్డంగా తలూపారు. 

అంతా ఆ ఉత్తరం తెచ్చిన తంటా. ప్రార్థన మనవులు వేసే పెట్టెను ప్రతి ఆదివారం పాస్టరుగారే తెరిచి చదువుతారు. పోయిన వారం కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి, ఆ పని సంఘ కార్యదర్శి అయిన రిటైర్డ్ హెడ్మాస్టరుకు అప్పగించారు. జబ్బు తగ్గాలనీ ఉద్యోగం రావాలనీ రాసిన చీటీల మధ్యలోంచి టైపు చేసిన కాగితం ఒకటి బయటపడింది. హెడ్మాస్టరు పాఠం చెప్పే అలవాటు కొద్దీ రెండు వాక్యాలు గట్టిగా చదివేసి, ఆ తర్వాత నాలుక కరుచుకున్నారు.

'మన సంఘం ఎదగడం లేదు, లావెక్కుతోంది. పాస్టరును మార్చండి.'

కింద సంతకం లేదు.

మిగతాది అమ్మగారు తర్వాత చదివింది. వేదికెక్కి వాక్యం చెప్పేది ఆయనే, మైకు సరిచేసేది ఆయనే, ఆసుపత్రికి పరిగెత్తేదీ మొగుడూపెళ్లాల తగువులు తీర్చేదీ ఆయనేనట. మూడొందల మందిలో నోరు తెరిచి సొంతంగా నాలుగు మాటలు ప్రార్థన చేయగలిగినవాళ్లు పదిమంది లేరట. ఆయన జ్వరంతో మంచం పడితే మూడు ఆదివారాలు మందిరానికి వేసిన తాళం వేసినట్టే ఉందట. రేపు ఆయన లేకపోతే ఆ తాళం తీసేదెవరని ప్రశ్న.

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. ఆమెను భయపెట్టింది అదే. అబద్ధమైతే దులిపేసుకుని పోవచ్చు.

మందిరం వెనక తాముంటున్న మూడు గదుల ఇల్లు సంఘానిది. పొమ్మంటే నెల తిరక్కుండా ఖాళీ చేయాలి. యాభై తొమ్మిదేళ్ల మనిషికి మరో సంఘం ఎవరు అప్పగిస్తారు? సామాను ఎక్కడ దించుకోవాలి? వారం రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు. ఆయన అసలు నిద్రే పోలేదు.

"ఎవరో బాగా దగ్గరివాళ్లే రాశారండీ," అంది గొంతు తగ్గించి. "నాకు లోపలున్న ఆ టైలరు మీదే అనుమానం. ఒక్కసారి వాక్యం చెప్తానని నిరుడు ముచ్చటపడితే, ఇంకా టైముందిలే అన్నారుగా మీరు. అది మనసులో పెట్టుకుని ఉంటాడు."

"పాపం, అతన్నేమీ అనకు. నేనే అలా అనకుండా ఉండాల్సింది."

లోపల గొంతులు లేచాయి. "రాసినదాంట్లో తప్పేముంది?" అన్నది స్పష్టంగా వినిపించింది. అది టైలరు గొంతే. చూశారా అన్నట్టు అమ్మగారు భర్త వైపు తిరిగింది. హెడ్మాస్టరు బల్ల గుద్దిన చప్పుడు. ఆ వెంటనే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మూడో పెద్ద ఏదో గబగబా అంది. తర్వాత మాటలు గుసగుసల్లోకి దిగాయి. ఆ గుసగుసలకు ఆమె మరీ హడలిపోయింది.

పాస్టరుగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. 

"ప్రార్థన చేయండి," అంది.

"ఏమని చేయను?"

ఇంతమంది కోసం ప్రార్థన చేసే మనిషి అలా అడిగేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. మనల్ని ఇక్కడే ఉండనిమ్మని చేయండి అని చెప్పింది. ఆయన కళ్లు మూసుకున్నారు గానీ పెదవులు కదలలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు హెడ్మాస్టరు, వెనక నర్సు, చివర తల దించుకుని టైలరు. హెడ్మాస్టరు గుప్పిట్లో చింపేసిన కాగితం ముక్కలున్నాయి.

"అయ్యగారూ, ముగ్గురిదీ ఒకటే మాట. మీకు ఊపిరున్నంత కాలం మా పాస్టరు మీరే."

అమ్మగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

మూడు ఆదివారాలు తాళం తీయకపోవడం కూడా ఒక నేరమేనా అని నర్సు నొచ్చుకుంది. అయ్యగారు లేని వేదిక మీద ఇంకొకరు నిలబడితే కళ్లతో చూడగలమా అంది. నా తర్వాత ఎవరని ఆయన ఆ మధ్య అడిగినప్పుడు, తమ ప్రేమను పరీక్షిస్తున్నారని అందరూ ఇట్టే కనిపెట్టేశారట. టైలరు ముందుకొచ్చి, ఉత్తరాన్ని వెనకేసుకొచ్చినందుకు క్షమించమన్నాడు. వాక్యం చెప్పాలన్న ఆశ ఇక తనకు లేదన్నాడు. ఇలాంటివి మళ్లీ రాకుండా మనవుల పెట్టె కూడా తీసేస్తున్నామని హెడ్మాస్టరు చివరి కబురు చెప్పారు.

పాస్టరుగారు రెండు చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చేశారు. ఆయన ఆనందం చూసి పెద్దలకూ కళ్లు చెమర్చాయి. ఆయన్ని కాసేపు ఒంటరిగా వదిలేద్దామని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లిపోయారు.

అమ్మగారు కొంగుతో ఆయన కళ్లు తుడిచింది. వారం రోజుల భయం దిగిపోయి ఆమెకు నవ్వొస్తోంది కూడా.

"ఇంకా ఏడుపెందుకండీ? ఇక మనల్ని ఎవరూ కదపలేరు. ఆ ఉత్తరం రాసిందెవరో గానీ, వాళ్ల నోరు మూతపడిందిగా."

ఆయన తలెత్తి, వేదిక వైపు భయంగా చూశారు.

"నేనే రాశాను."