వినే మేనేజరు

నాయకత్వ శిక్షణ నుంచి తిరిగొచ్చిన మా లాండ్రీ మేనేజరు వినడం మొదలుపెట్టాడు. రోజూ ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి, తల ఓ పక్కకి వాల్చి, "చెప్పమ్మా, వింటున్నా," అనేవాడు.

"మూడో ఇస్త్రీపెట్టె షాక్ కొడుతోంది సార్," అనేది అక్కడ పనిచేసే మా అక్క.

"నీ బాధ నాకర్థమైంది," అని డైరీలో రాసుకునేవాడు. పదిరోజులు రాసుకున్నాడు. తల వాల్చడం మాత్రం రోజురోజుకీ బాగా కుదిరింది.

పదకొండో రోజు అక్క ఆ పెట్టె అతని చేతికే ఇచ్చింది. "ఒక్కసారి పట్టుకోండి సార్."

కెవ్వుమన్నాడు. గంటలో కొత్త పెట్టె వచ్చింది.

సాయంత్రం మీటింగులో, దెబ్బేమీ లేని వేలికి కట్టు కట్టుకుని, "ఏదైనా ముందు నేను పట్టుకుని చూశాకే నా మనుషులకిస్తాను. అదీ నా స్టైలు!" అన్నాడు. పైవాళ్లు చప్పట్లు కొట్టారు.

అక్క లేచింది. "ఐదో పెట్టె కూడా కొడుతోంది సార్. రండి, పట్టుకుందురు గాని."