యాజకుల వరుస

"ఆ ఉలి కింద పెట్టు బాబూ" అంది ఆవిడ.

వెంకటరమణ పెట్టలేదు. మండపేట నుంచి నల్లరాయి తెచ్చి, నరసాపురం రేవు దాటించి, ఈ చర్చి గోడకి బిగించింది అతనే. వందేళ్లలో ఇక్కడ పనిచేసిన ఆరుగురు పాస్టర్ల పేర్లు చెక్కడం అయిపోయింది. ఇప్పుడున్న ఏడో ఆయన పేరొక్కటే మిగిలింది. ఆదివారం నూరేళ్ల పండగ.

"నీ పని నువ్వు కానీవయ్యా" అన్నాడు సంఘపెద్ద శశిభూషణ్. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "సంపూర్ణమ్మ గారూ, కుదరదని కమిటీలోనే చెప్పాం. పనివాడి ముందు ఈ రచ్చ ఏంటండి?"

"రచ్చ చెయ్యడానికి రాలేదు. నేనడిగినదానికి జవాబు చెప్పండి."

గుమ్మంలో నలుగురు కమిటీవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కరి మొహంలోనూ దయ లేదు. వెంకటరమణకి ఇలాంటి తగవులు కొత్త కాదు. గుడి కానీ, బడి కానీ, రాయి మీద తమవాళ్ల పేరు లేదని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఈవిడా అందుకే వచ్చిందనుకున్నాడు.

శశిభూషణ్ బైబిలు తెరిచాడు. "పరాయి దేశపు చెరలోంచి తిరిగొచ్చిన యాజకులు వంశావళిలో తమ పేర్లు వెతుక్కున్నారు. కొందరివి దొరకలేదు. వాళ్లని యాజకత్వంలోంచి తప్పించారు. దేవుడి ముందు నిలబడే అర్హత ఎవరికుందో చెప్పే పట్టీ అండి అది. ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మీరెవరు, నేనెవరు?"

"నేనూ అర్హత గురించే అడుగుతున్నాను" అంది సంపూర్ణమ్మ. "తొంభై ఆరు తుపాను సాయంత్రం ఈ గుమ్మంలోనే సంఘం రిజిస్టరు తీశారు. పేరున్నవాళ్లని లోపలికి రానిచ్చారు. ఒడ్డున ఉండే చేపల వేటవాళ్లు పదకొండు మంది తలుపు కొట్టారు. మీ పేర్లు ఇందులో లేవు పొమ్మన్నారు."

"ముప్పై ఏళ్ల నాటి మాట ఇప్పుడెందుకు తవ్వుతారు?" ఒక కమిటీ మనిషి కసిరాడు.

"పోతురాజు. తలుపులమ్మ. పాపాయి. వీరదుర్గ, దాని చంటిపిల్ల..." ఎదురుగా కాగితం ఉన్నట్టు ఆవిడ ఒక్కో పేరూ చెప్పుకుపోయింది. పదకొండూ అయ్యేదాకా ఆగలేదు. "తెల్లారి సరుగుడు తోటలో శవాలై దొరికారు, అందరూ."

"మతి పోయిందా మీకు?" శశిభూషణ్ గొంతు లేచింది. "మీ ఒక్కరి కోసం వందేళ్ల సంఘం పరువు బజారుకీడ్చాలా? బయటికి నడవండి ముందు."

ఆవిడ కదల్లేదు.

వెంకటరమణ రాయి కింది అంచు వైపు చూశాడు. తన మతం కాదు, తన ఊరు కాదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అయ్యా, రాయి అడుగున చోటుందండి. అక్షరం చిన్నది చేస్తే పదకొండు పేర్లూ పడతాయి. ఊరికే చెక్కి పెడతాను."

"నిన్నెవడడిగాడు? నోరు మూసుకో" అన్నాడు శశిభూషణ్.

సంపూర్ణమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ. ఈ వరుసలో వాళ్ల పేర్లు ఉండకూడదు."

"మరి నన్నేం చెక్కమంటారమ్మా?"

ఆవిడ రాయి దగ్గరికొచ్చి, చెక్కిన ఆరింటిలో నాలుగో పేరు మీద వేలు పెట్టి, "ఇది చెరిపెయ్యి, ఆ సాయంత్రం రిజిస్టరు చదివింది మా ఆయన, పక్కన లాంతరు పట్టుకుంది నేను" అంది.