సుత్తి వేసేవాళ్లు కావాలి

“సుత్తి వేసేవాళ్లా? మా ఆయన్ని పంపిస్తాను, మీ దగ్గరే ఉంచేసుకోండి,” అంది దగ్గు మందు కొనడానికి వచ్చినావిడ, షాపు అద్దం మీది చీటీ చదివి.

మందుల షాపు వదినకు నవ్వే ఓపిక లేదు. పొద్దున్నుంచి ఇదే జోకు అయిదోసారి. ఫ్రిస్బీ ఆటలో డిస్కును తిరగేసి తల మీదుగా విసిరితే, దాన్ని తన జట్టులో సుత్తి అంటారని ఊరందరికీ ఎక్కడ చెబుతుంది? ఆ విసురు వచ్చినవాడు జట్టు మొత్తానికీ ఒక్కడే, ఆమె మరిది. వాడు కాస్తా మెట్ల మీద జారి, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని కౌంటరు వెనక కూర్చున్నాడు.

ఆదివారం బ్యాంకు వాళ్లతో పోటీ. ఓడినవాళ్లు పొద్దుటి పూట మైదానం వదులుకోవాలి. అక్కడ గంటసేపు పరిగెత్తకపోతే ఈ మందుల వాసనలో ఆమెకు రోజు గడవదు. బ్యాంకు వాళ్లేమో నలుగురు తాడిచెట్లు, చేతులెత్తి గోడ కట్టేస్తారు. డిస్కు పోతే పైనుంచే పోవాలి. “చెరి మూడు రోజులు పంచుకుందాం, పోటీ ఎందుకు?” అని మేనేజరు రాజీకొచ్చాడు. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

అప్పుడొచ్చాడు నీలం చొక్కా మనిషి.

“చీటీ చూశానండీ. సుత్తి నాకు వెన్నతో పెట్టిన విద్య. మా నాన్న నేర్పాడు.”

మరిది నిటారుగా కూర్చున్నాడు. “చెయ్యి తల పైదాకా లేస్తుందా?”

“లేవకపోతే ఊపెక్కడిది బాబూ. అయినా అసలు పనంతా మణికట్టుది.”

“విన్నావా వదినా? నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది ఇదే. మరి గురి?”

“చూపు చేతి మీద ఉండకూడదు, తగలాల్సిన చోట ఉండాలి. నాలుగుసార్లు వేలు నలిగితే అదే వస్తుంది.”

మరిది తన వంకరవేలు చూపించాడు. ఇద్దరూ చుట్టాల్లా నవ్వుకున్నారు.

“అవతల గోడ ఉంటుందండీ,” వదిన హెచ్చరించింది. “మామూలు గోడ కాదు, సిమెంటు గోడే.”

“ఎన్ని గోడలు చూళ్లేదమ్మా. సిమెంటైతే కాస్త నిదానం కావాలి, అంతే.”

ఆ నిదానమే తన జట్టులో ఎవడికీ లేదని వదిన ప్రాణం లేచొచ్చింది. “ఆదివారం ఏడింటికల్లా మైదానానికి వచ్చెయ్యండి.”

“బయట పనా? మంచిదే, ఎండెక్కకముందే అయిపోతుంది.”

ఆమె అక్కడికక్కడే మేనేజరుకు ఫోన్ కలిపింది. “రాజీ లేదండీ. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడు. ఓడితే ఒక్కరోజు కూడా అడగం, మైదానం మొత్తం మీకే రాసిస్తాం. ఆదివారం కలుద్దాం.” పెట్టేసి, మరిది వైపు చూసి కళ్లెగరేసింది. ఇన్ని రోజుల బెంగా ఒక్క దెబ్బకు తీరిపోయింది.

నీలం చొక్కా మనిషి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

“మేకులు మీరే ఇస్తారా, నన్ను తెమ్మంటారా?”